తులసమ్మ కేసు తర్వాత ‘యావజ్జీవం అనుభవించి’ అన్న మాటకు మిగిలిన విలువ ఎంత?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. కోవూరు ప్రాంతంలోని మీ ఉమ్మడి కుటుంబంలో మీ తాతగారి తమ్ముడు 1949లో పిల్లలు లేకుండా మరణించారు. 1951లో పెద్దమనుషులు కూర్చుని, ఆయన భార్యకు, అంటే మీ చిన్న నాయనమ్మ గారికి, 1 ఎకరా 60 సెంట్ల మాగాణిని మనోవర్తి కింద ఇప్పించి ఖరారునామా (ఒప్పంద పత్రం) రిజిస్టరు చేయించారు. అందులో ‘యావజ్జీవం ఫలసాయం అనుభవించి, దాన విక్రయాధికారములు లేక, తదనంతరం మా సంతతికి చెందగలందులకు’ అని స్పష్టంగా ఉంది. ఆమె 2011లో ఆ భూమిని తనను చివరిదాకా చూసుకున్న తమ్ముడి కూతురికి వీలునామా రాసి, 2016లో కన్నుమూశారు. మీ తాతగారు 1987లోనే పోయారు. అమ్మే హక్కే లేని మనిషి వీలునామా ఎలా రాస్తుంది, దావా వేస్తే భూమి మాకు వస్తుందా అన్నది మీ మొదటి సందేహం. నెల్లూరులోని ఇంటి విషయంలో మీ నాన్నగారు రాసిన వీలునామా గురించి రెండోది.

ఖరారునామాలోని ఆ వాక్యం ఒక్కదాన్నే నమ్ముకుని దావా వేస్తే ఓడిపోతారు. మీకు ఏదైనా ఆశ మిగిలి ఉంటే అది 1951 నాటి కాగితంలో లేదు, 2011 నాటి వీలునామాలో ఉంది. ఎందుకో చెప్పాలంటే మన జిల్లాలోనే మొదలైన ఒక వ్యాజ్యం కథ చెప్పుకోవాలి. దేశంలో హిందూ స్త్రీల ఆస్తి గురించి వాదించే ఏ న్యాయవాదీ ‘తులసమ్మ’ అన్న పేరు ఎత్తకుండా ఉండలేడు. ఆ పేరు నెల్లూరు మునసబు కోర్టు నుంచి వెళ్లిందన్న సంగతి మాత్రం మన బారులోని కుర్ర ప్లీడర్లలో చాలామందికి తెలియదు.

తులసమ్మ భర్త 1931లో, తన సవతి సోదరుడితో ఉమ్మడిగా ఉండగానే మరణించారు. విధవలకు భర్త వాటాలో హక్కు కల్పించిన 1937 నాటి చట్టానికి అది ఆరేళ్ల ముందు మాట కనుక, ఆమెకు ఆ కుటుంబం మీద మిగిలింది మనోవర్తి హక్కు ఒక్కటే. 1944 అక్టోబరులో, కోర్టు ఫీజు కట్టుకునే స్తోమత లేదని చెప్పుకుని, నెల్లూరు జిల్లా మునసబు కోర్టులో మనోవర్తి కోసం పాపర్ పిటిషన్ వేశారు. 1946లో ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అవతలి పక్షం వాదన లేకుండానే ఆమెకు అనుకూలంగా తీర్పు, వచ్చింది. కోర్టు బయట ఎప్పుడో రాజీ అయిపోయిందంటూ అవతలి పక్షం తెచ్చిన దరఖాస్తును మునసబు గారూ, అప్పీలులో జిల్లా జడ్జి గారూ కొట్టివేశారు. చివరికి డిక్రీ అమలు దశలో నిజంగానే రాజీ కుదిరి, 1949 జులై 30న కోర్టు రికార్డుకెక్కింది. ఆ రాజీ ప్రకారం కొన్ని ఆస్తులు ఆమెకు వచ్చాయి, కానీ అన్యాక్రాంతం చేసే అధికారం లేదు, ఆమె తదనంతరం అవి తిరిగి అవతలి పక్షానికే చేరాలి. మీ ఖరారునామాలోని షరతుకూ దీనికీ తేడా వెతకండి, నాకైతే కనిపించడం లేదు.

1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటికీ ఆ ఆస్తులు ఆమె స్వాధీనంలోనే ఉన్నాయి. 1960లో కొంత భూమిని రిజిస్టరు దస్తావేజు ద్వారా కౌలుకిచ్చారు, 1961లో మరికొంత అమ్మారు. అమ్మిన రెండు నెలలకే, ఈ లావాదేవీలు ఆమె జీవితకాలానికి మించి చెల్లవని ప్రకటించమంటూ నెల్లూరు మునసబు కోర్టులో దావా పడింది. మునసబు కోర్టు దావా వేసిన వారికి అనుకూలంగా డిక్రీ ఇచ్చింది, జిల్లా జడ్జి ఆమె సంపూర్ణ యజమానురాలేనని తీర్పు తిప్పారు, హైకోర్టు మళ్లీ అటు తిప్పింది. సుప్రీంకోర్టు 1977 మార్చి 17న జిల్లా జడ్జి చెప్పిందే న్యాయమని తేల్చింది. అన్నానికి దారి చూపమని ఆమె మొదటిసారి కోర్టు మెట్లెక్కిన నాటికీ దీనికీ మధ్య 32 ఏళ్లు దాటిపోయాయి.

తగాదా అంతా హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షను చుట్టూ తిరిగింది. దాని మొదటి ఉపవిభాగం, హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి చట్టానికి ముందు వచ్చినా తర్వాత వచ్చినా ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందుతుందని చెబుతూ, మనోవర్తికి బదులుగా వచ్చిన ఆస్తిని వివరణలో పేరుపెట్టి మరీ చేర్చింది. రెండో ఉపవిభాగం మాత్రం దానపత్రం, వీలునామా, డిక్రీ, అవార్డు వంటి వాటి ద్వారా పరిమిత హక్కుతోనే ఇచ్చిన ఆస్తికి మొదటిది వర్తించదంటుంది. మనోవర్తి కింద భూమి ఇచ్చేటప్పుడు ఏదో ఒక పత్రం రాసుకుంటారు, ఆ పత్రంలో పరిమితి రాయడం మన ఊళ్లలో ఆనవాయితీ. మరి అది మొదటి దాని కిందికి వస్తుందా, రెండో దాని కిందికా? తీర్పు మొదట్లోనే జస్టిస్ భగవతి, ఈ సెక్షను రాసిన తీరు కక్షిదారులను అంతులేని గందరగోళంలోకి నెట్టి ప్లీడర్లకు మాత్రం స్వర్గమైందని నిష్ఠూరంగా అన్నారు. ఆ మాటలో మా వృత్తి మీద ఉన్న చురక న్యాయమైనదే. ఆ సెక్షను ఇప్పటికీ అదే భాషలో ఉంది.

ఆ ధర్మాసనంలోని జస్టిస్ ముర్తజా ఫజల్ అలీ ధర్మశాస్త్రాలనూ, పాత హిందూ న్యాయ గ్రంథాలనూ ఓపికగా తిరగేసి, భార్య మనోవర్తి హక్కు ఎవరో దయతలచి ఇచ్చేది కాదనీ, వివాహంతోనే పుట్టి, భర్త ఆస్తిని వెంటాడే హక్కనీ నిరూపించారు. అక్కడి నుంచి తీర్పు సూటిగా నడుస్తుంది. ముందే ఉన్న హక్కును గుర్తించి భూమి ఇచ్చినప్పుడు పత్రం కొత్త హక్కును పుట్టించదు, పాత హక్కుకు రూపం ఇస్తుంది, కాబట్టి ఆ పత్రంలో ఎన్ని ఆంక్షలు రాసినా 1956 చట్టం వాటిని తుడిచేస్తుంది. ఏ హక్కూ లేని స్త్రీకి మొట్టమొదటిసారిగా ఆ పత్రం ద్వారానే హక్కు వచ్చిన సందర్భాలకు మాత్రమే రెండో ఉపవిభాగం పరిమితం. అందుచేత కోర్టు పత్రంలో ఏం రాసి ఉందని కాదు, ఎందుకిచ్చారని అడుగుతుంది.

మీ ఖరారునామాలో ‘మనోవర్తి నిమిత్తం’ అని మీ పెద్దవాళ్లే రాశారు. ఆ రెండు మాటలు ఉన్నంత కాలం కింద రాసిన షరతులన్నీ 1956తో రద్దయిపోయినట్టే. నిజానికి మీ చిన్న నాయనమ్మ గారి స్థితి తులసమ్మ కంటే బలమైనది. ఆమె భర్త పోయింది 1949లో. 1937 చట్టం మొదట్లో వ్యవసాయ భూములకు వర్తించేది కాదు, కానీ నెల్లూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉంది, మద్రాసు ప్రభుత్వం 1947లో ప్రత్యేక చట్టం చేసి దాన్ని వ్యవసాయ భూములకూ విస్తరించింది. అంటే 1949లోనే ఆమెకు, పరిమితంగానైనా, ఉమ్మడి ఆస్తిలో భర్త వాటా మొత్తం మీద హక్కుంది. పెద్దమనుషులు ఎకరా అరవై సెంట్లతో సరిపెట్టారంటే, ఆనాటి మీ కుటుంబ భూమి ఎంతో నాకు తెలియదు గానీ, ఆమెకు ఎక్కువ ముట్టిందని మాత్రం అనుకోను.

భూమిని ఏనాడూ ఆమె సేద్యం చేయలేదని, మీ తాతగారే దున్ని ఏటా రెండు పుట్ల వడ్లు కొలిచేవారని, కాబట్టి స్వాధీనం ఆమెది కాదని మీరు వాదించాలనుకుంటున్నారు. ఇది నిలవదు. ‘స్వాధీనంలో ఉన్న’ అంటే నాగలి పట్టుకుని ఉండటం కాదని, తన అధికారం కింద ఉండటమని సుప్రీంకోర్టు 1959లో కొట్టూరుస్వామి కేసులోనే చెప్పింది. కౌలుదారు ద్వారా అనుభవించినా స్వాధీనమే. పైగా మీ తాతగారు కొలిచిన ఆ రెండు పుట్ల వడ్లే, భూమి ఆమెదని ఆయన ఒప్పుకున్నట్టు సాక్ష్యం అవుతాయి. ఈ సంగతి దావాలో మీరే రాసి అవతలి వారి చేతికి అందించకండి.

నేను జూనియరుగా ఉన్న రోజుల్లో కావలి కోర్టులో విన్న ఒక క్రాస్ ఎగ్జామినేషన్ నాకు ఇంకా గుర్తుంది. డెబ్బై దాటిన విధవరాలు, చేతిలో పసుపు గుడ్డ సంచి, అందులో నాలుగు మడతల దగ్గర చినిగిపోయిన దస్తావేజు. మరుదుల తరఫు ప్లీడరు అనుభవజ్ఞుడే, కానీ ఆ పూట ఒక ప్రశ్న ఎక్కువ అడిగాడు. ఆ భూమి అభిమానం కొద్దీ ఇచ్చిన దానమేనని ఆమె నోట అనిపిద్దామని, ‘మీ మీద గౌరవంతోనే కదమ్మా ఈ భూమి ఇచ్చింది’ అన్నాడు. ఆమె ఆయన వైపు కాదు, జడ్జి గారి వైపు తిరిగి, ‘గౌరవమా సామీ! తిండి పెట్టలేక ఇచ్చినారు. నా మొగుడి భూమిలోదే నాకు తిండికి ఇచ్చినారు’ అంది. జడ్జి గారు ఆ జవాబును ఆమె మాటల్లోనే రాయించారు. తీర్పులో దాదాపు ఆ వాక్యం మీదే అంతా ఆధారపడింది. తులసమ్మ తీర్పు పేజీలకు పేజీలు చదివి నేర్చుకున్న దానికంటే ఆ రోజు నాకు ఎక్కువ బోధపడింది.

ఈ తీర్పు వల్ల సమాజంలో ఏం మారిందంటే, మంచీ చెడూ రెండూ మారాయి. అప్పటిదాకా విధవరాలి భూమి కొనడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కారు, వచ్చినా సగం ధరకే అడిగేవారు, ఎందుకంటే ఆమె పోయిన మర్నాడే దాయాదులు దావా వేస్తారు. ఆ భయం తగ్గాక ఆమె భూమికీ మార్కెట్టు ధర పలికింది, అప్పు పుట్టింది, అవసానంలో ఎవరు చూసుకుంటే వారికి ఇచ్చుకునే స్వేచ్ఛ వచ్చింది. ముసలితనంలో ఆ స్వేచ్ఛ ఇచ్చే గౌరవం చిన్నదేమీ కాదు. కానీ మా వైపు నేను గమనించిన మరో మార్పు కూడా ఉంది. కుటుంబాలు జాగ్రత్తపడ్డాయి. విధవకు భూమి రాసివ్వడం తగ్గి, ఏటా ఇన్ని గింజలు, నెలకు ఇంత డబ్బు అన్న ఒప్పందాలు పెరిగాయి. దస్తావేజు రాసేవారు ‘మనోవర్తి’ అన్న మాటను తప్పించి ‘ప్రేమాభిమానములతో’ అని రాయడం నేర్చుకున్నారు. కందుకూరు వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక కాగితంలో అయితే, కోడలికి ఏ రకమైన మనోవర్తి హక్కూ లేదని ఆమె చేతే ఒప్పుకోలు రాయించి, దాని కిందే మనోవర్తికి సరిపోయేంత భూమిని ‘ప్రేమతో’ ఇచ్చారు! చట్టం ఒక తలుపు తెరిస్తే మనవాళ్లు పక్కన గోడ కట్టడం మొదలుపెడతారు. అటువంటి పత్రాలను కోర్టులు పైమాటను బట్టి కాక సందర్భాన్ని బట్టి చూడాలన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు 2011 నాటి వీలునామా సంగతి. ఆమె సంపూర్ణ యజమానురాలైతే వీలునామా రాసే హక్కు ఉంది. కానీ ఆ వీలునామా నిలవకపోతే, పిల్లలు లేని ఆమె ఆస్తి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం భర్త వారసులకే వస్తుంది, పుట్టింటి వారికి వెళ్లదు. అంటే మీ దావా గెలుపోటములు ఆ వీలునామా రుజువు కావడం మీదే ఉన్నాయి. రుజువు చేయాల్సిన భారం దాని వల్ల లాభం పొందే ఆవిడదే. రిజిస్టరు అయినంత మాత్రాన రుజువైనట్టు కాదు. ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉండాలి, వారిలో బతికున్న ఒక్కరినైనా బోనెక్కించి విచారించాలి. ఆమెకు ఆనాటికి మతి స్థిమితం ఉందా, వీలునామా తయారు చేయించడంలో లబ్ధిదారు స్వయంగా పాల్గొన్నారా, సంతకమో వేలిముద్రో సహజంగా ఉందా అన్న అనుమానాలు లేవనెత్తితే వాటిని నివృత్తి చేయాల్సిందీ ఆవిడే. అయితే దగ్గరివాళ్లను కాదని, చివరి రోజుల్లో సేవ చేసిన మేనకోడలికి రాయడం దానంతట అదే అనుమానాస్పదం కాదు. పిల్లలు లేని ముసలావిడ అలా రాయడం లోకసహజమని కోర్టు అంటుంది, అనడం సబబే.

ఇంకొక మాట, మీకు రుచించకపోవచ్చు. వీలునామా పడిపోయినా భూమి అంతా మీ నాన్నగారి కొడుకులకు వస్తుందని లెక్కలు వేసుకున్నారు. ఆమె మరణించిన మరుక్షణం భర్తే చనిపోయినట్టు భావించి వారసులను లెక్కించాలి. 2016 నాటికి ఆయన తోబుట్టువులెవరూ జీవించి లేకపోతే, సోదరుడి కొడుకులూ కూతుళ్లూ, సోదరి కొడుకులూ కూతుళ్లూ అందరూ ఒకే వరుసలో సమానంగా తీసుకుంటారు. మీ ప్రశ్నలో మీ మేనత్తల ఊసే లేదు. వారిని పార్టీలుగా చేర్చకపోతే అదే అభ్యంతరంగా అవతలివాళ్లు మొదటి రోజే పట్టుకుంటారు.

కాలపరిమితి గురించి భయపడనక్కర్లేదు. స్త్రీ మరణంతో స్వాధీనానికి హక్కు వచ్చే వారి దావాకు ఆమె మరణించిన నాటి నుంచి 12 ఏళ్ల గడువు ఉంది, అంటే 2028 దాకా. పాసుపుస్తకం ఆ మేనకోడలి పేరు మీద మారిపోయిందని కూడా కంగారు పడకండి, రెవెన్యూ రికార్డు హక్కును పుట్టించదు.

రెండో ప్రశ్నకు వస్తే, అక్కడ తులసమ్మ తీర్పును గుడ్డిగా వర్తింపజేయడానికి లేదు. నెల్లూరులోని 40 అంకణాల ఇల్లు మీ నాన్నగారి స్వార్జితం. 1994లో రాసిన వీలునామాలో మీ అమ్మగారికి జీవితాంతం నివాస హక్కు, ఆ తర్వాత ఇద్దరు కొడుకులకు సమానంగా అన్నారు. ఇప్పుడు అమ్మగారు ఆ ఇంటిని మీ అక్కగారికి దానపత్రం రాస్తానంటున్నారు. ఇక్కడ సుప్రీంకోర్టు రెండు దారుల్లో నడిచింది. భర్త తన స్వార్జితంపై వీలునామా రాసుకునే హక్కును కాదనలేమని, పరిమిత హక్కే ఇస్తే అది పరిమితంగానే ఉంటుందని 2006లో సాధూసింగ్ కేసులోనూ, 2022లో జోగిరాం కేసులోనూ చెప్పింది. తులసమ్మ తీర్పును విస్తారంగా అన్వయిస్తూ, భార్యకు మనోవర్తి హక్కు ఎలాగూ ఉంది కనుక వీలునామా ద్వారా వచ్చినా అది సంపూర్ణ హక్కుగా మారుతుందన్న తీర్పులు మరో వరుసలో ఉన్నాయి. ఈ వైరుధ్యాన్ని గుర్తించి, 2024 డిసెంబరు 9న తేజ్ భాన్ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం సమస్యను విస్తృత ధర్మాసనానికి పంపింది. 47 ఏళ్ల తర్వాత నెల్లూరు విధవరాలి కేసు మళ్లీ చర్చకు వచ్చిందన్నమాట. మీరు ఏ అడుగు వేసే ముందైనా ఆ రిఫరెన్సు ఏ దశలో ఉందో మీ న్యాయవాదిని అడగండి.

నన్నడిగితే, వీలునామాలో ‘నివాస హక్కు’ అని మాత్రమే ఉండటం, అమ్మగారికి వేరే జీవనాధారంగా నాన్నగారు బ్యాంకు డిపాజిట్లు విడిగా రాసి ఉండటం మీకు అనుకూలించే అంశాలు. మనోవర్తికి వేరే ఏర్పాటు చేశారు కాబట్టి ఇల్లు ఆ హక్కుకు బదులుగా ఇచ్చింది కాదని వాదించవచ్చు. కానీ అమ్మగారు జీవించి ఉండగా ఆమె మీదే ఇంజంక్షను (దానపత్రం రాయకుండా ఆపే ఉత్తర్వు) దావా వేయమని నేను సలహా ఇవ్వను. ఆమె రేపు దానపత్రం రాసినా, ఆమెది పరిమిత హక్కే అయితే అది ఆమె జీవితకాలానికి మించి మిమ్మల్ని బంధించదు, మీ హక్కు పోదు. ఈలోగా అక్కగారితో కూర్చుని, ఇల్లు కాకపోతే ఇంకేదైనా ఇచ్చేలా కుటుంబ ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించుకోగలిగితే, పదిహేనేళ్ల కోర్టు ఖర్చు మిగులుతుంది.

మాగాణి విషయంలో ముందుగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి 1951 ఖరారునామాకు ధ్రువీకరించిన నకలు తీసుకోండి. మీ దగ్గర ఉన్న ఫొటోలో రెండో పేజీ అంచు కనిపించడం లేదు, ‘మనోవర్తి’ అన్న మాట ఉన్నది ఆ పేజీలోనే అంటున్నారు. 2011 వీలునామా నకలు కూడా తీసుకుని, సాక్షుల సంతకాల దగ్గర ఎవరి పేర్లు ఉన్నాయో, ఆ ఇద్దరిలో ఎవరైనా ఇంకా జీవించి ఉన్నారో లేదో కనుక్కుని రాయండి. దావా వేయాలా వద్దా అన్నది అప్పుడు చెప్పగలను.